టైరు ఎక్కడ రాసుకుంటోంది? కంపెనీ చక్రాలున్న కారులో కారణం పట్టుకునే పద్ధతి

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు కాస్త మొండిది. నిటారుగా ఉంటుంది, పైగా మలుపు సరిగ్గా మధ్యలో వస్తుంది. ఒక జూలైలో వాన వెలిసిన మర్నాడు కారు వెనక్కి తీస్తూ, స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పి బ్రేకు నొక్కగానే ముందు నుంచి ‘జర్ర్’మని ఒక చప్పుడు వచ్చింది. గోనెసంచిని గచ్చు మీద ఈడ్చినట్టుంది. రోడ్డెక్కాక లేదు. సాయంత్రం పార్కింగులో మళ్ళీ వచ్చింది.

ఒక షాపులో చక్రాల అలైన్‌మెంట్ చేయించమన్నారు, చేయించాను. చప్పుడు పోలేదు. ఇంకో గ్యారేజీలో షాకబ్జర్లు రెండూ పోయాయని ఎస్టిమేట్ రాసి చేతిలో పెట్టారు. చివరికి గాలి పట్టించుకుందామని ఆగిన పంక్చర్ షాపులో, హిందూపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒక్క మాట అన్నాడు: “కంపెనీ చక్రాలే కదా సార్, వాటంతటవే ఎందుకు తగుల్తాయి? ఏదో ఒకటి కదిలుంటాది. అదేందో చూసుకోండి ముందు.”

నేను ఈ పనిని ఆ మాట దగ్గర నుంచే మొదలుపెడతాను. వెడల్పాటి అలాయ్‌లు వేయించి, స్ప్రింగులు కత్తిరించి బండిని కిందికి దించినవాళ్ళ కథ వేరు. వాళ్ళకి కారణం ముందే తెలుసు. మీ కారుకు కంపెనీ ఇచ్చిన రిమ్ములే ఉండి కూడా టైరు రాసుకుంటోందంటే, జరిగేందుకు వీలున్నవి మూడే. టైరు పెద్దదై ఉండాలి, చక్రం తన చోటు నుంచి జరిగి ఉండాలి, లేదా పైనుంచో పక్కనుంచో ప్లాస్టిక్కో రేకో చక్రం మీదికి వచ్చి ఉండాలి. ఈ మూడింట్లో మీది ఏదో తేల్చుకునేదాకా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

కావలసిన సామాను పెద్దగా లేదు. ఒక టార్చి, టేపు, పిల్లల సుద్దముక్క, పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ముద్ద, ఒక పాత గుడ్డ. స్టీరింగ్ తిప్పడానికి ఒక మనిషి. నాకు మా బామ్మర్ది దొరికాడు. తొంభై కిలోల మనిషి, తర్వాత ఇంకో పనికి కూడా వచ్చాడు.

అది నిజంగా టైరేనా?

ఇది తేల్చుకోకుండా ముందుకు పోతే రోజంతా వృథా. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలా బేస్‌మెంట్లకు నున్నటి ఎపాక్సీ రంగు వేసి ఉంటుంది. దాని మీద స్టీరింగ్ తిప్పితే ఏ కారైనా ‘కీచ్’మంటుంది. అది టైరుకూ నేలకూ మధ్య గొడవ, మీ బండి తప్పు కాదు. అదే మలుపు మామూలు తారురోడ్డు మీదో, మట్టి నేల మీదో తిప్పి చూడండి. చప్పుడు మాయమైతే ఇంటికెళ్ళి కాఫీ తాగండి.

స్టీరింగ్ తిప్పి ముందుకు కదులుతుంటే ‘టక్ టక్ టక్’ అని లెక్కపెట్టేలా వినిపిస్తే, అనుమానం డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే సీవీ జాయింటు మీద పెట్టుకోవాలి. నేరుగా పోతుంటే ‘హూఁ’ అని విమానం లాంటి మోత, వేగంతో పాటు పెరుగుతూ, ఒక పక్కకు మలుపు తీసుకుంటే ఎక్కువై రెండో పక్కకు తగ్గుతుంటే అది వీల్ బేరింగు. సన్నగా, రేకు మీద మేకుతో గీసినట్టు ‘స్..స్..స్..’ అని చక్రం తిరిగినకొద్దీ వస్తుంటే, బ్రేకు డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకు వంగి తగులుతోందేమో, లేదా మధ్యలో చిన్న రాయి ఇరుక్కుందేమో చూడాలి. మట్టిరోడ్డు ఎక్కి దిగిన మర్నాడు ఇలాంటిది తరచూ జరుగుతుంది. కొద్దిగా రివర్స్ వేసి ముందుకు పోనిస్తే రాయి దానంతటదే రాలిపోవడం కూడా చూశాను.

ఇంకొకటి, చాలామంది మోసపోయేది. బంపర్ కింద, ముందు చక్రాల ఎదురుగా ఒక నల్ల రబ్బరు పట్టీ వేలాడుతుంటుంది. గాలిని పక్కకు తోయడానికి పెట్టింది. మన స్పీడ్ బ్రేకర్ల ఎత్తుకు అది నేలను గీరుతుంది. చప్పుడు అచ్చం టైరు రాసుకున్నట్టే ఉంటుంది. కానీ స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, స్టీరింగ్ నిటారుగా ఉన్నా వస్తుంది. పట్టీ అంచు చూడండి, తాజాగా తెల్లగా గీరుకుపోయి ఉంటే దొంగ దొరికినట్టే.

టైరు రాసుకునే చప్పుడు వచ్చే తీరు వేరు. అది పొడిగా, బొంగురుగా ఉంటుంది. ఎప్పుడూ రాదు, ఒక సందర్భంలోనే వస్తుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడో, గుంటలో పడ్డప్పుడో, వెనక ముగ్గురు కూర్చున్నప్పుడో. ఆ సందర్భమే మీకు సగం జవాబు. అందుకే రెండు రోజులు ఒక కాగితం బండిలో పెట్టుకుని చప్పుడు వచ్చినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి: స్టీరింగ్ ఎటు, బండి ముందుకా వెనక్కా, బ్రేకు మీద కాలుందా, బండిలో ఎంతమంది. నా కాగితంలో ఐదు సార్లకు ఐదు సార్లూ ‘ఎడమ, రివర్స్, బ్రేకు’ అని పడింది. అదే చివరికి నన్ను అసలు చోటికి తీసుకెళ్ళింది.

కంపెనీ చక్రాలే అనుకోవడం, అవునని చూసుకోవడం

మీరే షోరూమ్‌లో కొన్న బండైతే ఈ మెట్టు నిమిషంలో అయిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండైతే మాత్రం ‘సార్, అంతా ఒరిజినల్’ అన్న మాటను నమ్మకండి. డ్రైవర్ తలుపు తెరిస్తే తలుపు చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల అంటిస్తారు. టైరు సైజు, గాలి ఎంత ఉండాలో అందులో ఉంటుంది. దాన్నీ టైరు గోడ మీద అచ్చైన సైజునీ పక్కపక్కన పెట్టి చదవండి. నాలుగు టైర్లకూ విడివిడిగా చదవాలి. పంక్చరైన రోజు హడావిడిలో స్టెప్నీ వేసి, అలాగే వదిలేసిన బండ్లు ఎన్నో.

స్టిక్కర్‌లో 185/65 ఆర్15 అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే దాదాపు 120 మి.మీ. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, 381 మి.మీ. మొత్తం టైరు వ్యాసం సుమారు 621 మి.మీ. టైరు షాపాయన ‘ఒక సైజు పెద్దది వేస్కోండి సార్, గ్రిప్ బాగుంటుంది, రిమ్ము అదే’ అని 195/65 ఆర్15 వేశాడనుకోండి. వ్యాసం 634 దాటుతుంది. అంటే టైరు అంచు చుట్టూ అన్ని వైపులా ఆరు మిల్లీమీటర్ల పైన బయటికి పెరిగింది, పక్కలకు చెరో ఐదు పెరిగింది. రిమ్ము కంపెనీదే, కానీ టైరు కంపెనీది కాదు. చాలా బండ్లు ఇంతమాత్రానికి ఏమీ అనవు. లోపల చోటు ముందే బిగుతుగా ఉన్న బండి మాత్రం ఫుల్ లాక్‌లో, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు, లోపలి అంచును గీరుతుంది.

సైజు అక్షరాలా అదే ఉన్నా తిరకాసు ఉండొచ్చు. అరిగిన టైరు మీద గాళ్ళ లోతు 2 మి.మీ. మిగిలితే, కొత్తదాని మీద 7, 8 మి.మీ. ఉంటుంది. రబ్బరు అరిగినన్నాళ్ళూ దాక్కున్న తగులుడు కొత్త టైర్లు వేసిన రోజు బయటపడుతుంది. అలాగే ఒకే సైజు అచ్చేసిన రెండు బ్రాండ్ల టైర్లు పక్కపక్కన పెడితే ఒకదాని భుజం గుండ్రంగా, ఇంకోదాని భుజం పలకగా ఉంటుంది. పలక భుజం ముందుగా తగులుతుంది. కాబట్టి ‘టైర్లు మార్చాకే మొదలైంది’ అంటే టైరు తప్పేనని తీర్పు చెప్పకండి. లోపల ఎప్పట్నుంచో వేలాడుతున్న ప్లాస్టిక్కును కొత్త టైరు అందుకుందేమో చూడాలి.

రిమ్ము సంగతి చూడాలంటే చక్రం విప్పి లోపలి వైపు చూడండి. వెడల్పు, వ్యాసం, ఈటీ అని పక్కన ఒక అంకె పోతపోసి ఉంటాయి. ఆ ఈటీ అంకె చక్రం లోపలికి ఎంత జరిగి కూర్చుంటుందో చెబుతుంది. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. అదే కంపెనీలో ఇంకో మోడల్ రిమ్ములు బోల్టులకు సరిగ్గా పడతాయి, కానీ ఈటీ తేడా ఉంటుంది. హబ్బుకీ (చక్రాన్ని బోల్టులతో బిగించే మధ్య భాగం) రిమ్ముకీ మధ్య స్పేసర్ బిళ్ళ ఏదైనా ఉందేమో కూడా అప్పుడే చూడండి.

గాలి స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో చూసి, చల్లగా ఉన్నప్పుడు సరిచేసి, అప్పుడు ముందుకు పోదాం.

మచ్చ వెతకడం

రాసుకున్న చోట గుర్తు ఉండి తీరాలి. బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేయండి. స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పించి, ఇంజిన్ ఆపించి, తిప్పిన మనిషిని కిందికి దిగమనండి. మనిషి సీట్లో ఉండగా, ఇంజిన్ ఆన్‌లో ఉండగా చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు పెట్టకండి. పరాకున ఎవరో స్టీరింగ్ తిప్పితే వేళ్ళు నలిగిపోతాయి.

ఇప్పుడు టార్చి వేసి లోపలి నల్ల ప్లాస్టిక్కు చూడండి. దాన్ని ఫెండర్ లైనర్ అంటారు. మామూలుగా దాని మీద ఎర్రటి దుమ్ము పొరలా పట్టి ఉంటుంది. రాసుకున్న చోట దుమ్ము ఉండదు. నల్లగా, నున్నగా, పాలిష్ పట్టినట్టు మెరుస్తుంది. టైరు వైపు చూస్తే, కొత్త టైరుకు భుజం మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఒక వరసలో తెగిపోయి ఉంటాయి. గోడ మీద చుట్టూ ఒక గీత తిరిగి ఉంటే చక్రం తిరుగుతూ తగులుతోందని. ఒక్క చోట మాత్రమే గీరుకుపోయి ఉంటే అది ఫుట్‌పాత్ అంచుకు తగిలిన పాత గాయం, దీనితో సంబంధం లేదు.

ఏ వైపు తిప్పితే ఏ మూల చూడాలో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పామనుకోండి. ఎడమ చక్రం ముందు అంచు బయటికి, బంపర్ మూల వైపు వస్తుంది. దాని వెనక అంచు లోపలికి, ఛాసిస్ వైపు పోతుంది. కుడి చక్రానిది తలకిందులు. ముందు అంచు లోపలికి పోతుంది, వెనక అంచు బయటికి, మడ్ ఫ్లాప్ వైపు వస్తుంది. కుడికి తిప్పితే ఇదంతా అద్దంలో చూసినట్టు మారుతుంది. అంటే ఎడమకు తిప్పినప్పుడు చప్పుడు వచ్చిందని ఎడమ చక్రమే చూస్తూ కూర్చోకూడదు. తర్వాత బిగించిన మడ్ ఫ్లాపులు మలుపులో బయటి వైపు చక్రానికి తగలడం చాలా మామూలు. స్క్రూ ఒకటి ఊడి ఫ్లాప్ ముందుకు వంగి ఉంటుంది, అంతే.

మచ్చ కనబడకపోతే సుద్ద తీయండి. లైనర్ మీద, మడ్ ఫ్లాప్ లోపలి వైపు, బంపర్ అంచు వెనక మందంగా రుద్దండి. టైరు భుజం మీద కూడా వేరే రంగు సుద్దతో నాలుగైదు చోట్ల అడ్డగీతలు గీయండి. బండి తీసి, మీ కాగితంలో రాసుకున్న సందర్భాన్నే మళ్ళీ చేయండి. నేను మా ర్యాంపు మీద మూడు సార్లు అదే రివర్స్ కొట్టాను. వాచ్‌మన్‌కు ఏదో అనుమానం కూడా వచ్చింది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర, బంపర్ వెనక మూలలో, అరచేతి వెడల్పున సుద్ద తుడుచుకుపోయి ఉంది. మిగతా మూడు మూలల్లో రాసింది రాసినట్టే ఉంది. వారం రోజుల టెన్షన్ ఆ తెల్లటి మూలలో ఆ నల్లటి చారతో సగం దిగిపోయింది.

గుంటల్లో పడ్డప్పుడు మాత్రమే వచ్చే చప్పుడైతే సుద్దకు తోడు క్లే వాడండి. చిన్న ఉండలు చేసి లైనర్ పైభాగంలో, రేకు అంచు లోపల అంటించండి. తగిలిన చోట ఉండ నలుగుతుంది, ఎంత నలిగిందో చూస్తే ఎంత చోటు కరువైందో తెలుస్తుంది. గోధుమపిండి ముద్ద కూడా చాలు, కాకపోతే మర్చిపోతే బేస్‌మెంట్‌లో ఎలుకలకు విందు.

కుడి, ఎడమ పోల్చడం

ఈ పనంతట్లో నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం ఉన్న పరీక్ష ఇదే. దీనికి ఏ కంపెనీ మాన్యువలూ అక్కర్లేదు. మీ బండిలో బాగున్న పక్కే, బాగాలేని పక్కకు కొలమానం.

బండిని నేరుగా పది అడుగులు ముందుకు నడిపి, స్టీరింగ్ నిటారుగా ఉంచి ఆపండి. జాకీ వేయకండి. జాకీ మీద చక్రం కిందికి వేలాడుతుంది, గ్యాప్ నిజం కన్నా ఎక్కువ కనిపిస్తుంది. ‘లిఫ్ట్ మీద చూశాం సార్, ఎక్కడా తగలట్లేదు’ అని గ్యారేజీలో చెప్పేది అబద్ధం కాదు, అక్కడ నిజంగానే తగలదు.

చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా ఎత్తు కొలవండి. నాలుగు చక్రాలకూ కొలిచి రాయండి. ముందు రెండింటి మధ్య, వెనక రెండింటి మధ్య కొద్ది మిల్లీమీటర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. అంగుళం తేడా ఉంటే ఆ పక్క స్ప్రింగు కుంగింది, లేదా విరిగింది. తర్వాత టైరు ముందు అంచు నుంచి లైనర్ దాకా, వెనక అంచు నుంచి లైనర్ దాకా కొలవండి. నా బండికి కుడి పక్క ముందు గ్యాప్ 46 మి.మీ. వచ్చింది, ఎడమ పక్క 38. ఎనిమిది మిల్లీమీటర్లు చక్రం ముందుకైనా వచ్చి ఉండాలి, లైనర్ వెనక్కైనా వచ్చి ఉండాలి.

ఏది కదిలిందో ఎలా తెలుస్తుంది? చక్రం వెనక అంచు కూడా కొలిచి చూడండి. ముందు గ్యాప్ తగ్గినంతా వెనక గ్యాప్ పెరిగితే చక్రం జరిగింది. వెనక గ్యాప్ రెండు పక్కలా సమానంగా ఉంటే చక్రం చోటులోనే ఉంది, ప్లాస్టిక్కే మీదికొచ్చింది. నా లెక్క రెండింటికీ మధ్యలో తేలింది. వెనక తేడా ఐదు. అంటే చక్రం ఐదు జరిగింది, మిగతా మూడు లైనర్ పుణ్యం. రెండు చిన్న తప్పులు కలిసి ఒక చప్పుడు చేశాయి. విడిగా ఉంటే ఏదీ వినిపించి ఉండేది కాదేమో.

ప్లాస్టిక్ వేలాడితే

బెంగళూరులో ముందు అనుమానించాల్సింది దీన్నే. లైనర్‌ను పట్టి ఉంచేవి కొన్ని ప్లాస్టిక్ క్లిప్పులు, రెండు మూడు స్క్రూలు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోంచి వేగంగా పోతే నీటి తోపుకు క్లిప్పులు పీక్కుపోతాయి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు పక్క మునిగినప్పుడు ఆ నీళ్ళలో పోయిన బండ్లెన్నో. ఇంజిన్‌లోకి నీళ్ళు పోలేదని ఊపిరి పీల్చుకున్నవాళ్ళలో ఎంతమంది వంగి కింద చూసుకుని ఉంటారు?

చేత్తో లైనర్ అంచు పట్టుకుని ఊపండి. గట్టిగా ఉండాలి, లొడలొడమనకూడదు. ఖాళీ రంధ్రాలు కనిపిస్తే అక్కడ క్లిప్పు లేదని అర్థం. జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణాల్లో పాత క్లిప్పు ఒకటి చూపించి అలాంటివి అడిగితే ఇస్తారు. నాకు ఒక్కోటి ఇరవై రూపాయలు పడింది. అప్పటికప్పుడు లేకపోతే ప్లాస్టిక్ జిప్ టై వేసి బిగించినా కొన్ని రోజులు ఆగుతుంది. లైనర్ వంకర పోతే చక్రం తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, గుడ్డతో లోపలికి నొక్కి, చల్లారేదాకా పట్టుకుంటే చాలావరకు మాట వింటుంది.

ఎవరైనా ‘తగిలే ముక్క కోసేద్దాం సార్’ అంటే మాత్రం ఒప్పుకోకండి. లైనర్ వెనక వైర్లు ఉంటాయి, ఒక పక్క వాషర్ నీళ్ళ డబ్బా ఉండొచ్చు. కోసిన చోటు నుంచి ప్రతి వానకూ బురద నేరుగా వాటి మీదే. పైగా కారణం కదిలిన చక్రమైతే, కోత వల్ల చప్పుడు ఆగుతుంది, రోగం లోపలే ఉంటుంది. బంపర్ ఎప్పుడైనా విప్పి పెయింట్ చేయించి ఉంటే దాని పక్క క్లిప్పు సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి. బంపర్ మూల ఒక వేలు లోపలికి జారినా టైరుకు అదే చాలు.

చక్రం జరిగితే

ఇది తాత్సారం చేసే విషయం కాదు. ముందు చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. అది ఛాసిస్‌కు రెండు రబ్బరు బుష్‌లతో తగిలి ఉంటుంది. చాలా చిన్న కార్లలో వెనక బుష్ పెద్దగా, మెత్తగా ఉంటుంది. బ్రేకు దెబ్బలూ గుంటల దెబ్బలూ ఎక్కువగా దాని మీదే పడతాయి. రబ్బరు చీలిపోతే చక్రం ముందుకీ వెనక్కీ ఊగులాడుతుంది.

ఇంట్లో ఇలా చూడొచ్చు. ఖాళీ చోట బండిని నడక వేగంతో ముందుకు పోనిచ్చి బ్రేకు నొక్కి ఆపండి. కదలకుండా గ్యాప్ కొలవండి. మళ్ళీ అదే నెమ్మదితో వెనక్కి పోనిచ్చి ఆపి కొలవండి. బాగున్న బండిలో ఈ రెండు కొలతలకూ పెద్ద తేడా రాదు. నా ఎడమ చక్రం రివర్స్‌లో ఆపినప్పుడు మరో ఏడెనిమిది మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. కుడిది రెండు. ‘ఎడమ, రివర్స్, బ్రేకు’ ఎందుకో అప్పుడు అర్థమైంది. వెనక్కి పోతూ బ్రేకు వేస్తే నేల చక్రాన్ని ముందుకు తోస్తుంది. బుష్ ఆపలేదు కాబట్టి చక్రం బంపర్ మూలను ముద్దాడుతోంది. ముందుకు పోతూ బ్రేకు వేసినప్పుడు వచ్చే చప్పుడైతే వెనక వైపు, మడ్ ఫ్లాప్ దగ్గర వెతకాలి.

బుష్‌ను కంటితో చూడాలంటే లిఫ్ట్ ఉన్న చోటికే వెళ్ళండి. జాకీ ఒక్కదాని మీద బండి ఎత్తి కింద దూరకండి. రబ్బరు చీలిక టార్చి వెలుతురులో స్పష్టంగా కనిపిస్తుంది, మెకానిక్ పెద్ద రాడ్డు పెట్టి తోస్తే ఆర్మ్ ఎంత కదులుతుందో మీరే చూడొచ్చు. పక్కన నిలబడి చూపించమని అడగండి. చూపించడానికి విసుక్కునే చోట పని చేయించకండి.

బుష్ బాగుందనుకోండి. అప్పుడు ఆర్మ్ వంగిందా, స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే నిలువు భాగం) వంగిందా అన్నది అలైన్‌మెంట్ కాగితం చెబుతుంది. చాలామంది ఆ కాగితంలో ఆకుపచ్చ రంగు చూసి మడిచి పెట్టేస్తారు. మన చిన్న కార్లలో చాలావాటికి సర్దగలిగేది టో ఒక్కటే, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది. దాన్ని సర్దితే పచ్చ అవుతుంది. మీరు చూడాల్సింది క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలింది), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో ఎంత వాలింది). అవి ఎడమకూ కుడికీ ఎంత తేడా ఉన్నాయో చూడండి. క్యాస్టర్ అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఒక చక్రం ముందుకో వెనక్కో పోయిందన్న అనుమానం బలపడుతుంది. నా మొదటి రిపోర్టులోనే ఆ తేడా ఉంది. టో సరిచేసి, డబ్బు తీసుకుని, కాగితం చేతిలో పెట్టారు. నేనూ చదవలేదు.

స్ప్రింగు విరగడం ఇంకా చెడ్డది. అడుగు చుట్ట విరిగితే దాని మొన టైరు గోడ వైపు తిరిగి ఉండొచ్చు. ఎత్తు కొలతలో ఒక పక్క కుంగి, గుంటల్లో ‘టంగ్’మని మోగుతుంటే టార్చి వేసి స్ప్రింగు కింది చుట్ట చూడండి. విరిగి ఉంటే బండి అక్కడే ఆపి, టోయింగ్ పిలవండి. ఈమధ్యే షాకబ్జర్లు మార్పించి ఉంటే స్ప్రింగు చివర దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కూడా అడిగి చూపించుకోండి.

వెనక చక్రాలు

వెనక స్టీరింగ్ గొడవ లేదు, బరువు గొడవే. ఒక్కరే పోతుంటే చప్పుడు లేకుండా, పండక్కి ఐదుగురూ డిక్కీ నిండా సామానూ వేసుకుని ఊరెళ్తుంటే మాత్రమే వస్తే, స్ప్రింగులు కుంగాయనో, షాకబ్జర్ పక్కనుండే రబ్బరు బంప్ స్టాప్ ముక్కలైందనో అనుకోవచ్చు. తర్వాత బిగించిన సీఎన్‌జీ సిలిండర్ ఉంటే దాని బరువు ఎప్పుడూ మీదే ఉంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఇక్కడే మా బామ్మర్ది రెండోసారి పనికొచ్చాడు. వెనక సీట్లో అతణ్నీ ఇంకో ఇద్దర్నీ కూర్చోబెట్టి ఎత్తు కొలవండి, ఖాళీ బండి కొలతతో పోల్చండి. రెండు పక్కలా సమానంగా దిగాలి. ఒక పక్క ఎక్కువ దిగితే ఆ పక్కే వెతకండి. క్లే ఉండలు పైన అంటించి, అదే బరువుతో ఒక స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటితే మిగతాది తెలుస్తుంది.

బండి తీయొచ్చా, ఆపేయాలా

ప్లాస్టిక్కుకు మెల్లగా తగులుతుంటే, ఫుల్ లాక్‌కు కొంచెం ముందే ఆపుతూ రెండు మూడు రోజులు నెట్టుకురావచ్చు. లోపల దారాలు కనిపించేలా టైరు గోడ కోసుకుపోయినా, ఉబ్బు కనిపించినా ఆ టైరు పని అయిపోయింది. దానికి ప్యాచ్ వేయరు. తగిలేది రేకుకో, స్ప్రింగుకో అయితే ఆగిపోండి. మచ్చ వెతికేటప్పుడే బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు గొట్టాన్నీ, చక్రం దగ్గరికి వెళ్ళే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ వైరునూ వేలితో తడిమి చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు వాటిని కూడా ఒరుసుకుంటూ ఉంటే, అది చప్పుడు సమస్య కాదు, బ్రేకు సమస్య.

నా బండికి ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ మార్చారు. నేను అడిగి కుడిది కూడా మార్పించాను, వయసు ఒకటే కదా. మూడు క్లిప్పులు నేనే కొట్టాను. తర్వాత మళ్ళీ అలైన్‌మెంట్. ఈసారి క్యాస్టర్ అంకెలు చదివాకే డబ్బు ఇచ్చాను. పని అయ్యాక సుద్ద పరీక్ష తప్పకుండా మళ్ళీ చేయండి, అది కూడా నిండు బండితో. మాకు ఎలాగూ అనంతపురం ప్రయాణం ఉంది. బయల్దేరే ముందు నాలుగు మూలలా సుద్ద రుద్దాను. బాగేపల్లి దాటాక టీకి ఆగినప్పుడు పిల్లలు వంగి చూసి, “నాన్నా, ఉంది, ఉంది” అని అరిచారు. దుమ్ము కింద తెల్లగా అలాగే ఉంది.

ఆదివారం రాత్రి తిరిగొచ్చి బేస్‌మెంట్‌లోకి దిగి స్టీరింగ్ తిప్పగానే ‘కీచ్’మంది. అది ఎపాక్సీ.